మొదటి వరుసలో నాలుగోది

ఆదివారం పొద్దున ఏడు గంటలకు భావనారాయణ వేసుకున్న ప్రణాళిక చిన్నది. కాఫీ తాగాలి. పాత కంప్యూటర్ మూత విప్పాలి. పదింటికల్లా బాగుచెయ్యాలి. ఆ తరువాత పేపరు చదవాలి. హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు సైన్సు చెప్పి రిటైరైన మనిషి కనుక, చెయ్యవలసిన పనులు కాగితం మీద రాసుకునే అలవాటు ఉంది. రాసుకున్నవి చేసే అలవాటు లేదు.

ఆ కంప్యూటర్‌ను పెళ్ళైన కొత్తలో గుంటూరులో ఒక స్నేహితుడి దగ్గర కొన్నాడు. ఇప్పటి కంప్యూటర్‌లా ఉండదు. టైపు మిషన్ మీటలన్నీ ఊడదీసి ఒక పలక మీద అమర్చినట్టు ఉంటుంది. వైరుతో టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది. టేపు రికార్డర్‌కు తగిలించి క్యాసెట్ తిప్పితే ఐదు నిమిషాలు గీపెట్టి ఒక ఆట ఎక్కుతుంది. పద్నాలుగు నెలలు అలాగే ఎక్కింది. ఒకరోజు ఆటకు బదులు టీవీ నిండా నలుపూ తెలుపూ గడులు వచ్చాయి. "వచ్చే ఆదివారానికల్లా బాగుచేస్తా" అని భావనారాయణ భార్యకు మాట ఇచ్చాడు. ఆ మాటకు ముప్పై ఆరేళ్ళు నిండాయి.

భార్య వెంకాయమ్మ చదివింది ఏడో తరగతి. మిరపకాయలకు తొడిమలు తీసే ముఠాకు పాతికేళ్ళు మేస్త్రిగా చేసింది. నలభై మంది ఆడవాళ్ళను నడిపిన గొంతు అది. ముఠా మానేసినా గొంతు తగ్గలేదు. శనివారం అన్నాల దగ్గర ఆమె ఒక్క మాట చెప్పింది.

"రేపు సాయంత్రం నాలుగింటికి సిలారు వస్తాడు. నాలుగులోపల ఆ డబ్బా వెలిగిందా, ఇంట్లో ఉంటది. వెలగలేదా, ఉల్లిపాయలకి పోద్ది."

సిలారు పాత సామాన్ల వ్యాపారి. ట్రాలీ ఆటోలో ఊరూరా తిరిగి, పనికిరాని వస్తువు తీసుకుని ఉల్లిపాయలు తూచి ఇస్తాడు. ఆ కంప్యూటర్‌ను అప్పటికే చూసి, మూడు కిలోలని చెప్పి ఉన్నాడు.

"ముప్పై ఆరేళ్ళు ఉంచావు కదా, ఇంకో వారం ఉంచలేవా?" అన్నాడు భావనారాయణ.

"ప్రతి ఆదివారం దాని మూత తీయడం, మూతి ముడుచుకుని మళ్ళీ పెట్టడం. చూడలేక చస్తన్నా. ఉంటే వెలగాలి. లేకపోతే కంటికి కనపడకూడదు."

కాబట్టి ఆ ఆదివారం కాఫీ తాగడం వరకు ప్రణాళిక సక్రమంగా నడిచింది. స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోగానే వరండాలోంచి పిలుపు వచ్చింది.

"ఏవండీ, ఇట్టా రండి."

"పనిలో ఉన్నా."

"పనిలోకే రమ్మంటన్నా."

వరండాలో చాప మీద పన్నెండు కిలోల తేజ రకం మిరపకాయలు కుప్పగా పోసి ఉన్నాయి. ఏడాదికి సరిపడా కారం. సోమవారం పొద్దున మిల్లుకు పోవాలి. ఏప్రిల్ నెలలో ఆ వరండాలో ఊరికే కూర్చున్న మనిషి లేడు. పోస్ట్‌మాన్ కూర్చున్నా, ఓటు అడగడానికి వచ్చినవాడు కూర్చున్నా ముందుకు ఒక చాట జరిగి వచ్చేది. భావనారాయణ ఒక్కడే పరీక్ష పేపర్లు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాడు. రిటైరయ్యాక ఒక ఏడు కళ్ళు, ఒక ఏడు నడుము, ఒక ఏడు మోకాళ్ళు అడ్డం పెట్టాడు. ఈ ఏడు అడ్డం పెట్టడానికి అవయవం మిగల్లేదు.

గంటసేపు తొడిమలు తీశాడు. తీసినవి కిలో కంటే తక్కువ. వెంకాయమ్మ ఆ చాటను ఒకసారి, అతన్ని ఒకసారి చూసి, "పొండి ఇంక" అంది. అతను చేతులు లుంగీకి తుడుచుకుని కంప్యూటర్ దగ్గరికి పోయాడు. తేజ కాయ మంచిది. వెంటనే మండదు. అరగంట ఆగి మొదలుపెడుతుంది.

కంప్యూటర్ లోపల రెండు వరుసల్లో చిన్న చిన్న చిప్పులు ఉంటాయి. వరుసకు ఎనిమిది. ఒక్కొక్కటి పదహారు కాళ్ళ నల్ల జెర్రిపిల్లలా ఉంటుంది. కంప్యూటర్ జ్ఞాపకమంతా వాటిలోనే. టీవీ మీద కనిపించే బొమ్మను గుర్తుపెట్టుకునేది మొదటి వరుస. అందులో ఒక్కటి చెడినా బొమ్మ గడులు గడులు అయిపోతుంది. రెండో వరుస అవే చిప్పులతో అదనం. పెద్ద ఆటలకే కావాలి. ఇదంతా భావనారాయణ ఫోన్‌లో ఒక వీడియో చూసి నేర్చుకున్నాడు. చెడిన చిప్పును పట్టుకునే ఉపాయం కూడా అందులోనే ఉంది. కరెంటు పెట్టి, రెండు నిమిషాలు ఆగి, ఒక్కొక్కదాని మీద వేలు ఆనించాలి. ఏది కాలితే అది చెడినట్టు.

కరెంటు పెట్టాడు. టీవీ మీద గడులు వచ్చాయి. రెండు నిమిషాలు ఆగాడు. మొదటి చిప్పు మీద వేలు పెట్టాడు. కాలింది. దొరికావు అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని రెండోది ముట్టుకున్నాడు. అదీ కాలింది. మూడు, నాలుగు, అయిదు, అన్నీ కాలాయి. రెండో వరుసకు పోయాడు. అక్కడ ఇంకా ఎక్కువ కాలాయి. ఆ క్షణంలో పక్కనున్న మంచినీళ్ళ గ్లాసును ముట్టుకుని ఉంటే అదీ కాలేది, కథ అక్కడితో అయిపోయేది. ముట్టుకోలేదు. వేడినీళ్ళు, చన్నీళ్ళు, గోరువెచ్చటి నీళ్ళు మూడు గిన్నెల్లో పోసి, పిల్లల చేత వేళ్ళు ముంచించి, 'స్పర్శతో ఉష్ణోగ్రతను నిర్ణయించలేము' అని ప్రతి ఏడూ నల్లబల్ల మీద రాసిన మనిషి, పదహారు చిప్పులూ పోయాయని తన వేలితో నిర్ణయించేశాడు.

దిగులుతో కన్ను నలుపుకున్నాడు. ఆ తరువాత అరగంట స్నానాలగదిలో ఉన్నాడు.

ఆ అరగంటలోనే హయాత్ వచ్చాడు. బస్టాండ్ పక్కన టీవీలు బాగుచేసే కొట్టు అతనిది. ఇప్పుడు టీవీలు ఎవరూ బాగుచేయించుకోరు, రిమోట్లకు తొడుగులు అమ్ముతున్నాడు. భావనారాయణ దగ్గర చదువుకున్నవాడు, యాభై దాటినా సార్ ఫోన్ చేస్తే లేచి నిలబడే మాట్లాడతాడు.

"సార్ ఉన్నారా అమ్మగారూ?"

"కళ్ళు కడుక్కుంటన్నారు. కూర్చో హయాతూ. ఊరికే కూర్చోమాకు."

చాట జరిగి వచ్చింది. హయాత్ ఇంట్లో కారం ప్యాకెట్లలో కొంటారు. అతని చేతులకు మిరపకాయ కొత్త. అయినా మర్యాద గల మనిషి. అరగంట తీశాడు. సార్ ఎర్రటి కళ్ళతో బయటకు వచ్చేసరికి చేతులు దులుపుకుని లేచాడు.

"చూడరా, అన్నీ కాలుతున్నాయి" అన్నాడు భావనారాయణ.

హయాత్ ఒక్కొక్కదాని మీద వేలు పెట్టాడు. ముఖం మారింది. "అవున్సార్. నిప్పుల్లా ఉన్నాయి. రెండో వరుస కూడా."

ఇద్దరు మనుషులు విడివిడిగా పరీక్షించి ఒకే ఫలితం చెబితే అది శాస్త్రం. భావనారాయణకు ఇక అనుమానం లేదు.

"వెనకటికి టీవీల్లో ఇట్టా వేడికి చచ్చే పార్టుల్ని ఐస్ ముక్క పెట్టి చూసేవాళ్ళం సార్" అన్నాడు హయాత్. "చల్లబడితే పనిచేస్తాయి. అప్పుడు ఏది నిలబడుద్దో, ఏది పడుద్దో తెలిసిపోద్ది."

"ఐస్ కరిగితే నీళ్ళు లోపలికి పోవూ? తడి లేని చలి కావాలి."

తడి లేని చలి ఎక్కడ దొరుకుతుందో ఆ ప్రాంతంలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో లక్ష టిక్కీల మిర్చి ఏడాది పొడుగునా చల్లగా నిద్రపోతుంది. టిక్కీ అంటే మిరపకాయలు కూరిన పెద్ద గోతాం. అక్కడి సూపర్‌వైజర్ శివనాగరాజు, వెంకాయమ్మ తమ్ముడు. పదో తరగతి సైన్సులో అతనికి సరిగ్గా ముప్పై అయిదు మార్కులు ఎలా వచ్చాయో అతనికీ, బావకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

భావనారాయణ ఇంట్లో సిగ్నల్ ఉండదు. వీధి అరుగు మీద నిలబడాలి. గొంతు పెంచాలి. ఎదురుగా టీ బంకు. అక్కడ బెంచీ మీద ఇద్దరు రైతులు టీ తాగుతున్నారు. ఇద్దరి మిర్చీ శివనాగరాజు గోడౌన్‌లోనే ఉంది.

"శివా, నేనురా. మొదటి వరుస ఎనిమిదీ కాలిపోతున్నాయిరా. రెండో వరుసా అంతే. అవును, హయాత్ కూడా చెయ్యి పెట్టి చూశాడు. ఇంకాసేపు ఇలాగే ఉంటే మొత్తం పోతుంది. మూడో గదిలో కాస్త చోటు చెయ్యి, వస్తున్నాం. ఎవరికీ చెప్పమాకు."

ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు. టీ బంకు దగ్గర ఇద్దరూ సగం తాగిన గ్లాసులు బెంచీ మీద పెట్టారు. ఎవరికీ చెప్పొద్దన్న మాట వాళ్ళకు బాగా వినిపించింది. అందుకే ముందు దగ్గరివాళ్ళకు చెప్పారు.

హయాత్ మోపెడ్ ముందు పద్నాలుగు అంగుళాల పాత టీవీ పెట్టారు. వెనక సీటు మీద భావనారాయణ, ఒళ్ళో దుప్పటి చుట్టిన కంప్యూటర్. గడపలో వెంకాయమ్మ నిలబడింది. ఎక్కడికని అడగలేదు.

"నాలుగు" అంది.

"తెలుసు" అన్నాడు భావనారాయణ.

మూడో గదిలో చలి అయిదు డిగ్రీలు. ఒక పక్క పైకప్పు దాకా టిక్కీలు, ఒక పక్క ఖాళీ. తలుపు పక్కన గోడకు ఉష్ణమాపకం. శివనాగరాజు గోతాలు రెండు తెచ్చి బావకూ హయాత్‌కూ భుజాల మీద కప్పాడు.

"బావా, గంటలో తేల్చెయ్. ఓనరు చూశాడంటే నన్ను కూడా ఒక టిక్కీలో కుట్టి మూల పెడతాడు."

"నీ ముప్పై అయిదు మార్కులు నేను గంటలో తేల్చానట్రా?"

శివనాగరాజు వైరు లాగి ఇచ్చాడు. కంప్యూటర్, టీవీ రెండూ బస్తాలు లాగే బండి మీద పెట్టి కరెంటు పెట్టారు. గడులు వచ్చాయి. ఇద్దరూ గోతాలు కప్పుకుని కూర్చున్నారు. మిర్చి ఘాటుకు హయాత్ పదకొండుసార్లు తుమ్మాడు. అరగంటకు వేళ్ళు కొయ్యబారాయి.

"ఇప్పుడు చూడరా."

హయాత్ పదహారింటినీ తడిమాడు. "చల్లగా ఉన్నయ్యి సార్. అన్నీ."

భావనారాయణ కూడా తడిమాడు. అన్నీ చల్లగానే ఉన్నాయి. ఆ సమయంలో అతని వేలి మీద నిప్పు పెట్టినా చల్లగానే ఉండేది. "అయితే చిప్పులన్నీ బాగుపడ్డాయి" అన్నాడు. టీవీ వైపు చూశాడు. గడులు అలాగే ఉన్నాయి.

"చిప్పులు బాగుండి బొమ్మ రావట్లేదంటే తప్పు టీవీది" అన్నాడు హయాత్. అది అతని సొంత విద్య. ఉత్సాహంగా టీవీ వెనక డొప్ప విప్పాడు. కంప్యూటర్‌కు కరెంటు తీసెయ్యాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. అది అలా రెండు గంటలు వెలుగుతూనే ఉంది. హయాత్ లోపల ఏవో తిప్పిన తరువాత గడులు ఇంకా స్పష్టంగా, పెద్దగా కనిపించాయి.

సరిగ్గా అప్పుడు బయట ట్రాక్టర్ చప్పుడైంది. తరువాత ఇంకో ట్రాక్టర్. తలుపు తోసుకుని పది మంది వచ్చారు, వాళ్ళ వెనక ముప్పై మంది.

"ఏంది శివనాగరాజూ, టిక్కీలు కాలిపోతన్నా చెప్పవా?"

"ఏ టిక్కీలు?"

"మొదటి వరుస ఎనిమిదీ, రెండో వరుస ఎనిమిదీ. చెయ్యి పెట్టి చూశారంట గదా. లోపల వేడి పుడితే సాయంత్రానికి మంటలు లేస్తయ్యి. ఎవరికీ చెప్పొద్దన్నారంట."

"అది మా బావ కంప్యూటరు గురించి."

"ఆఁ, కంప్యూటర్ తెప్పించి చూస్తన్నారా?" అన్నాడు వెనక నుంచి ఒకాయన. "అయితే శానా పెద్ద చెడే."

అందరూ బండి చుట్టూ చేరారు. గోతాలు కప్పుకున్న ఇద్దరు మనుషులు, విప్పిన టీవీ, విప్పిన డబ్బా, తెర నిండా నల్ల గడులు, తెల్ల గడులు. టీ బంకు రైతుల్లో పెద్దవాడు కళ్ళజోడు సవరించుకుని తెరను పరీక్షగా చూశాడు.

"ఇదిగో, తెల్లగా ఉన్నయ్యి మంచి టిక్కీలు. నల్లగా ఉన్నయ్యి పోయినయ్యి" అని అందరికీ వివరించాడు. "మూడో వరుసలో ఈ నాలుగూ నాయి. మూడు పోయినయ్యి."

"నాయి ఎక్కడయ్యా?"

"నీయి ఈ మూల. మొత్తం నలుపే."

భావనారాయణ లేచి నిలబడి, ఇది టిక్కీల పటం కాదనీ, చిప్పుల్లో జ్ఞాపకం చెడి బొమ్మ ఇలా వస్తోందనీ పాఠం మొదలుపెట్టాడు. 'చెడి' అన్న ముక్క వరకే విన్నారు. ఆ తరువాత ఎవరి టిక్కీలు వాళ్ళు లాగడం మొదలుపెట్టారు. గది తలుపు రెండు రెక్కలూ తెరిచేశారు. ఏప్రిల్ ఎండ లోపలికి వచ్చింది. గోడ మీద అయిదు డిగ్రీలు ఏడైంది. ఏడు పదైంది. శివనాగరాజు ఉష్ణమాపకం ముందు నిలబడి తన ఉద్యోగం కరిగిపోవడం అంకెల్లో చూస్తున్నాడు.

"ఇందాకటి దాకా చల్లగానే ఉందయ్యా" అన్నాడు ఏడుపు గొంతుతో. "మీరొచ్చాక వేడెక్కుతోంది."

"చూశారా, వేడెక్కుతోందని ఆయనే ఒప్పుకుంటన్నాడు" అన్నారు వాళ్ళు. లాగడం జోరైంది.

నాలుగుకు పది నిమిషాలు ఉండగా సిలారు ట్రాలీ ఆటో గోడౌన్ ముందు ఆగింది. ఉల్లిపాయల బస్తా పక్కన కూర్చుని వెంకాయమ్మ వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి రాని మొగుడు ఎక్కడుంటాడో కనుక్కోవడం ఆమెకు కష్టమేమీ కాలేదు. ఊళ్ళో సగం మంది ట్రాక్టర్లేసుకుని అక్కడికే పోతున్నారు.

"ఆగండి" అంది.

నలభై మందికి సరిపోయే గొంతు. నలభై మందీ ఆగారు. వాళ్ళలో చాలామంది కాయ ఆమె ముఠా చేతుల మీదుగా పోయిందే. ఆమె చేతిలోకి కాయ తీసుకుని తేమ ఎంతో చెప్పేది, చెప్పింది తప్పేది కాదు.

"ఏంది సంగతి?"

చెప్పారు. ఆమె చీర చెంగు బొడ్లో దోపి, మొదటి వరుస టిక్కీ కుట్టు వేలితో సడలించి మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది. తీసింది. రెండోదాంట్లో పెట్టింది. ఎనిమిదీ చూసింది. రెండో వరుసలో నాలుగు చూసింది.

"మంచులా ఉన్నయ్యి. ఎవరన్నారు కాలుతున్నయ్యని?"

అందరూ భావనారాయణ వైపు చూశారు.

"మరి ఆ నల్ల గడులేందక్కా?" అన్నాడు కళ్ళజోడు రైతు. తన మూడు టిక్కీలనూ అతను ఇంకా వదులుకోలేకపోతున్నాడు.

వెంకాయమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏంది అవి?"

"చిప్పులు చెడినాయి" అన్నాడు భావనారాయణ.

"ఏది చెడింది?"

"అన్నీ. ఇంట్లో అన్నీ కాలాయి. ఇక్కడ అన్నీ చల్లబడ్డాయి. ఏమీ తేలడం లేదు."

"అన్నీ ఒక్కసారే ఎట్టా చెడతయ్యి? టిక్కీలో కాయ చెడితే ఒక్క కాయ దగ్గరే గదా మొదలయ్యేది. జరగండి."

ఆ చేతికి నలభై ఏళ్ళుగా కారం ఎక్కి ఎక్కి ఇక మంట తెలియదు. వేడి మాత్రం తెలుస్తుంది. పెనం మీద నీళ్ళు చల్లకుండా చేత్తోనే చూసి అట్టు పోస్తుంది. ఆ చేతిని ఆమె వీధి కుళాయి దగ్గర పట్టినంత మామూలుగా కంప్యూటర్ లోపలికి పెట్టింది. నలభై మంది మెడలు చాచి చూశారు.

"ఇది గోరువెచ్చన. ఇదీ అంతే. ఇదీ అంతే." నాలుగో దాని మీద వేలు ఆగింది. "ఇదిగో. ఇది పెనం."

హయాత్ కరెంటు తీశాడు. స్క్రూడ్రైవర్ మొనతో నాలుగో చిప్పును పైకి లేపి ఊడదీశాడు. అదనంగా ఉన్న రెండో వరుసలోంచి ఒకటి తీసి దాని స్థానంలో కాళ్ళు వంగకుండా నొక్కాడు. కరెంటు పెట్టాడు. టీవీ కాసేపు ఆలోచించుకుంది. గడులు లేవు. తెర తెల్లగా వచ్చింది. అడుగున ఒక్క ఇంగ్లీషు వరుస, దాని చివర ఆరుతూ వెలుగుతూ చిన్న నల్ల చుక్క.

"అన్నీ తెల్లగా అయినయ్యి" అన్నాడు కళ్ళజోడు రైతు. "నా మూడూ దొరికినయ్యి."

మాట బయటిదాకా పోయింది. లాగిన టిక్కీలు లాగినవాళ్ళే మోసుకొచ్చి వరుసలో పెట్టారు. శివనాగరాజు తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. పది డిగ్రీలు తొమ్మిదైంది. అప్పుడు ఊపిరి పీల్చాడు, పీల్చి తుమ్మాడు.

"ఏవండీ, చేతులు చూపించండి" అంది వెంకాయమ్మ.

భావనారాయణ చూపించాడు. హయాత్ కూడా తనంతట తనే చూపించాడు. ఆమె రెండు జతలూ వాసన చూసింది.

"తేజ కాయ తీసి, సబ్బు ముట్టకుండా పోయి మిషన్ ముట్టుకున్నారు. ఆ చేత్తో మంచుగడ్డ ముట్టుకున్నా కాలుద్ది. ఇంటికి పోయి కొబ్బరినూనె రాసుకోండి."

"స్పర్శతో ఉష్ణోగ్రతను నిర్ణయించలేము" అన్నాడు భావనారాయణ, నేల చూస్తూ.

"మీ పుస్తకంలో ఉందా?"

"ఎనిమిదో తరగతి."

"మాకూ చెప్పారమ్మగారూ" అన్నాడు హయాత్. "మూడు గిన్నెలు పెట్టి చూపించారు. నేను కూడా వేళ్ళు ముంచా."

తలుపు దగ్గర సిలారు గొంతు సవరించుకున్నాడు. బస్తాలోంచి ఉల్లిపాయలు తీసి తక్కెట్లో వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. "నాలుగు దాటిందమ్మగారూ. మూడు కిలోలు వెయ్యనా?"

భావనారాయణ భార్య వైపు చూశాడు. వెలిగింది నిజమే. నాలుగు దాటాక వెలిగిందా, దాటకముందే వెలిగిందా అన్నది అతనికి తెలియదు, గడియారం చూసుకోలేదు. వెంకాయమ్మ మాట అంటే మాట. నలభై మంది కూలి నిమిషాల లెక్కన కట్టిన మనిషి.

ఆమె నడుముకు దోపుకున్న చేతిరుమాలు తీసింది. ముడి విప్పింది. నాఫ్తలీన్ ఉండల వాసన వచ్చింది. లోపల పాత క్యాసెట్.

"డబ్బాతో పాటు ఇది కూడా ఇచ్చేద్దామని తెచ్చా" అంది.

భావనారాయణ గుర్తుపట్టాడు. ఆ ఆట క్యాసెట్. తెర మీద ఇటుకల గోడ ఉంటుంది. కింద బద్దతో బంతిని కొడుతూ గోడ పడగొట్టాలి. పెళ్ళైన కొత్తలో స్కూలు నుంచి వచ్చేసరికి ఆమె ఆడుతూ ఉండేది. అన్నం పెట్టమంటే ఈ వరుస అయిపోనీ అనేది. క్యాసెట్ డబ్బాలో అట్ట మీద అతని చేతిరాత ఇంకా ఉంది. వెం. నాలుగు వేల మూడు వందల పది. భా. పన్నెండు వందల డెబ్భై.

"దీనికోసం పదేళ్ళు వెతికాను. ఎక్కడ పెట్టావు?"

"నా చీరల పెట్టెలో. మీరు వెతికింది మీ పుస్తకాల్లో."

"పారేద్దామన్నదానివి, దీన్నెందుకు దాచావు?"

"డబ్బా మీరు కొన్నది. ఆట నాది." ఆమె సిలారు వైపు తిరిగింది. "నీ బండిలో టేపు రికార్డర్లు ఏమన్నా ఉన్నాయా?"

"రెండున్నయ్యమ్మగారూ. ఒకటి తిరుగుద్ది."

"తిరిగేది దించు. తొడిమ తీసిన కాయ రెండు కిలోలు ఇస్తా. ఉల్లిపాయలు మళ్ళీ బస్తాలో పొయ్యి."

సిలారు అంతవరకు ఇచ్చింది ఉల్లిపాయలు, తీసుకుంది పాత సామాను. వ్యాపారం తిరగబడిందని అతనికి ఆటో ఎక్కాక అర్థమైంది.

అయిదున్నరకు ఇంటి ముందుగదిలో టేపు రికార్డర్ గీపెట్టింది. రెండుసార్లు ఎక్కలేదు. మూడోసారి హయాత్ రికార్డర్‌లో ఒక రబ్బరు బ్యాండు మార్చాక ఇటుకల గోడ వచ్చింది. వెంకాయమ్మ పీట లాక్కుని కూర్చుంది. మొదటి ఆటలో వంద కూడా రాలేదు. రెండోదానికి వేళ్ళకు పాత మార్గం గుర్తొచ్చింది. మూడో ఆటకు మాట్లాడడం మానేసింది. హయాత్ వెళ్ళొస్తానన్నది కూడా వినలేదు.

గడప అవతల చాప మీద తొమ్మిది కిలోల కాయ ఇంకా మిగిలి ఉంది. పొద్దున మిల్లుకు పోవాలి. భావనారాయణ వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని చాట ముందుకు లాక్కున్నాడు. ఒక్కో కాయ తొడిమ తుంచి పడేస్తూ, గుమ్మంలోంచి తెర చూస్తూ, బంతి కింద పడబోయినప్పుడల్లా తనే ఊపిరి ఆపుతూ కూర్చున్నాడు.

"కన్ను నలుపుకోమాకండి" అంది ఆమె, తల తిప్పకుండా.

చీకటి పడేలోపు ఆమె నాలుగు వేల మూడు వందల ఇరవై చేసింది. భావనారాయణ లేచి, చెయ్యి శుభ్రంగా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, క్యాసెట్ అట్ట మీద పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు. దాని కింద తన పన్నెండు వందల డెబ్భై అలాగే ఉంది. నా వంతు ఎప్పుడని అడిగాడు.

"వచ్చే ఆదివారానికల్లా" అంది వెంకాయమ్మ.